ముఖం మారింది, మనిషి మారలేదు

1892లో విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’ మొట్టమొదటిసారి రంగస్థలం ఎక్కింది. ఆనాటి నుంచి ఎన్ని ఊళ్ళలో ఎంతమంది గిరీశం వేషం కట్టారో లెక్క తేల్చడం ఎవరి తరమూ కాదు. 1955లో వచ్చిన సినిమాలో ఎన్.టి. రామారావుగారు ఆ పాత్ర ధరించారు. గిరీశం వేషధారుల్లో పొడుగువారూ పొట్టివారూ ఉన్నారు. వారి గొంతులు వేరు, నడకలు వేరు. అయినా చూసేవారికి గిరీశం ఒక్కడే.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తూర్పు భాగవతంలోనూ అంతే. సత్యభామ వేషం గురువు నుంచి శిష్యునికి వస్తుంది. మగవారే జడ వేసుకుని, నగలు పెట్టుకుని భామగా అడుగు పెడతారు. “కిందటేడు సత్యభామ ఈమె కాదే!” అని ఎవరూ లేచి అడగరు.

ఎందుకు అడగరు? ప్రతి ప్రదర్శనలోనూ కథ మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది కనుక. కాని ఒక కథ ఎక్కడా ఆగకుండా, వారం వారం, ఏళ్ళ తరబడి సాగుతోందనుకోండి. చూసేవారికి నాయకుని ముఖం కంఠతా వచ్చేసింది. అప్పుడు ఆ నటుడు జబ్బు పడితే? కథ ఆపేయాలా? నాయకుడు చనిపోయాడని చెప్పాలా? ఏమీ ఎరగనట్టు మరొకరిని తెచ్చి నిలబెట్టాలా?

ఈ చిక్కు 1966లో ఇంగ్లండులో నిజంగానే వచ్చింది. దానికి కనిపెట్టిన ఉపాయంలో కథ ఎంత ఉందో, జీవశాస్త్రం అంత ఉంది. అదేమిటో చూద్దాం.

నీలి పెట్టెలో ముసలాయన

బి.బి.సి. టెలివిజన్‌లో 1963 నవంబరు 23న ‘డాక్టర్ హూ’ అనే సైన్సు కల్పనా కథ ప్రారంభమయింది. పిల్లలకు చరిత్రా విజ్ఞానమూ కథలో కలిపి చెప్పాలన్నది మొదటి సంకల్పం. అందుకే డాక్టర్ వెంట ప్రయాణం చేసినవారిలో ఒకరు చరిత్ర టీచరు, మరొకరు సైన్సు మాష్టారు. సైన్సు మాష్టార్లకు కథల్లో ఇంత గౌరవం అరుదు సుమా! మొదటి కథకు దర్శకత్వం వహించిన వారిస్ హుస్సేన్ మన దేశంలోని లక్నోలో పుట్టినవాడు.

ఇంతకీ డాక్టర్ ఎవరు? వేరే లోకం నుంచి వచ్చిన సంచారి. అతని వాహనం పేరు టార్డిస్. ఆ రోజుల్లో ఇంగ్లండు వీధుల్లో పోలీసులకు ఫోను చేయడానికి నీలి రంగు పెట్టెలు ఉండేవి. టార్డిస్ పైకి అలాంటి పెట్టెలా ఉంటుంది. లోపలికి వెళితే పెద్ద భవనమంత. అది ఏ కాలానికైనా, ఏ గ్రహానికైనా తీసుకుపోతుంది.

డాక్టర్ పాత్రను విలియం హార్ట్‌నెల్ అనే నటుడు ధరించాడు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు. తెల్లని పొడుగు జుట్టుతో, చిరచిరలాడే తాతయ్యలా కనిపించేవాడు. మూడేళ్ళు గడిచేసరికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. ధమనుల గోడలు గట్టిపడే జబ్బు ఆయనను పట్టింది. సంభాషణలు గుర్తుంచుకోవడం కూడా కష్టమయింది. నటుడు తప్పుకోక తప్పదు. కథకు మాత్రం ఆదరణ ఉంది.

1966 అక్టోబరు 29న ప్రసారమయిన భాగంలో ముసలి డాక్టర్ టార్డిస్ లోపల నేలమీద కుప్పకూలిపోయాడు. అతని ముఖం తెల్లని వెలుగులో కరిగిపోయింది. ఆ వెలుగులోంచి మరొక ముఖం తేలింది. అది పాట్రిక్ ట్రౌటన్ అనే మరో నటుని ముఖం. అతడు హార్ట్‌నెల్‌ను అనుకరించలేదు. కొంచెం కొంటెగా, చిరిగిన కోటుతో, చేతిలో పిల్లనగ్రోవితో వేరే తీరుగా నటించాడు. ‘ఈ జాతివారి శరీరం పాడయితే కొత్త శరీరం ఏర్పడుతుంది’ అన్నదే కథకులు కనిపెట్టిన ఉపాయం. ఈ మార్పుకు ‘రీజెనరేషన్’ అనే పేరు 1974లో మూడో డాక్టర్ నాలుగో డాక్టరుగా మారినప్పుడు కథలో మొదటిసారి వినిపించింది. మన పాఠ్యపుస్తకాలు దానినే ‘పునరుత్పత్తి’ అంటాయి.

గుర్తుపట్టింది శత్రువు

వెలుగు చూపించి ముఖం మార్చడం తేలిక. చూసేవారిని నమ్మించడం తేలిక కాదు. నవంబరు 5న మొదలయిన తరువాతి కథలో రచయితలు ఆ అనుమానాన్ని దాచలేదు. డాక్టర్ సహచరుల నోటనే పలికించారు. పాత డాక్టర్ పెట్టుకునే ఉంగరం కొత్త డాక్టర్ వేలికి వదులై జారిపోతుంది. ఇద్దరు సహచరులలో ఒకరు నమ్ముతారు, ఇంకొకరు నమ్మరు. ఇంతలో డాక్టరుకు బద్ధశత్రువులైన డాలెక్ యంత్రజీవులలో ఒకటి అతనిని చూడగానే గుర్తుపడుతుంది. మిత్రులు పోల్చుకోలేనివానిని శత్రువు పోల్చుకున్నది! ఆ తరువాత ప్రేక్షకులకు అనుమానం ఎక్కడిది?

దీనిని మించిన ఉదాహరణ మన తెలుగులోనే ఉంది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ తలచుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. ఘటోత్కచుడు ఎస్.వి. రంగారావు, శశిరేఖ సావిత్రి. మాయ శశిరేఖ శరీరమంతా సావిత్రిది. కాని ఆ నిలబడే తీరు, ఆ కళ్ళు ఉరిమే తీరు రంగారావుది. మధ్య మధ్య తాను ఆడపిల్లనన్న సంగతి మరచి, మళ్ళీ సర్దుకుంటుంది. సినిమా హాలులో కూర్చున్న చిన్నపిల్లవాడు కూడా “ఆమె కాదు, ఘటోత్కచుడు!” అంటాడు. ముఖం ఒక్కటే మనిషి కాదన్నమాట. మాట, నడక, జ్ఞాపకం, స్వభావం అన్నీ కలిసిన అమరిక ఒకటి ఉంది. మనం పోల్చుకునేది ఆ అమరికను.

అదే కథలో మరో మార్పు

హార్ట్‌నెల్ చివరి కథ పేరు ‘పదవ గ్రహం’. సైబర్‌మెన్ అనే జీవులు మొదట కనిపించింది అందులోనే. వారు ఒకప్పుడు మనవంటి మనుషులే. శరీరంలో ఏ భాగం బలహీనపడితే ఆ భాగం తీసేసి లోహం, ప్లాస్టిక్ అమర్చుకుంటూ వచ్చారు. చివరికి కోపం, జాలి, భయం కూడా బలహీనతలేనని తీసేసుకున్నారు. బలం మిగిలింది, మనిషి మిగల్లేదు.

ఈ ఊహ కిట్ పెడ్లర్‌ది. ఆయన లండనులో కంటికి సంబంధించిన పరిశోధనలు చేసిన వైద్య శాస్త్రజ్ఞుడు. మనిషి అవయవాలను ఒకటొకటిగా మార్చుకుంటూ పోతే చివరికి ఏమవుతాడన్నది ఆయన భయం. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. మరుసటి ఏడాదే, 1967 డిసెంబరు 3న, దక్షిణాఫ్రికాలో డాక్టర్ క్రిస్టియన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెను మరొక మనిషికి అమర్చాడు.

ఒకే కథలో రెండు మార్పులు చూశారు కదూ! సైబర్‌మెన్ శరీరాన్ని కొంచెం కొంచెంగా మార్చుకుని తమను తాము పోగొట్టుకున్నారు. డాక్టర్ శరీరమంతా ఒక్కసారిగా మారిపోయినా తనలాగే మిగిలాడు. అయితే తేడా ఎక్కడుంది? ఎంత భాగం మారిందన్న దానిలో లేదు. ఏది నిలిచిందన్న దానిలో ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. అవయవం మార్చుకున్నవారు మనిషితనం కోల్పోతారని ఎవరూ అనుకోకూడదు. జైపూరులో 1968 ప్రాంతంలో తయారయిన కృత్రిమ పాదంతో పొలం పనులు చేసుకునేవారున్నారు, సైకిలు తొక్కేవారున్నారు. గుండెకు పేస్‌మేకరు పెట్టించుకున్న తాతయ్య మనవడిని తక్కువగా ముద్దు చేస్తాడా? సైబర్‌మెన్‌ను చెడగొట్టింది లోహపు చేయి కాదు, జాలి అక్కర్లేదనుకోవడం.

ప్రకృతిలో పునరుత్పత్తి

ఇక జీవశాస్త్రానికి వద్దాం. పోయిన అవయవం తిరిగి రావడం మనకు కొత్త సంగతి కాదు. బల్లి తోక తెగి, మళ్ళీ మొలవడం ఇంట్లోనే చూస్తాం. కాని కొత్త తోకలో వెన్నుపూసలు ఉండవు, మృదులాస్థి కడ్డీ ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీరాలలో పట్టే పీతలకు ఒక డెక్క పెద్దది, ఒకటి మరీ చిన్నది ఉండడం మీరు చూసే ఉంటారు. కొన్ని జాతులలో అది పుట్టుకతోనే వచ్చే తేడా. మరి కొన్నిటిలో డెక్క ఊడి కొత్తది పెరుగుతోందని గుర్తు. పీత పెంకు విడిచిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం పెరుగుతుంది.

వీటన్నిటికీ రాజు ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు. అది మంచినీటి గుంటలలో ఉంటుంది. టి.హెచ్. మోర్గాన్ అనే శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివర దాన్ని ముక్కలు చేసి చూశాడు. శరీరంలో 279వ వంతు ముక్క కూడా పూర్తి పురుగుగా పెరగగలదని తేలింది. దాని ఒంటినిండా మూలకణాలు ఉండడమే ఇందుకు కారణం. ఏ అవయవం కావాలంటే ఆ అవయవపు కణాలుగా మారగల శక్తి ఈ కణాలకు ఉంది.

తల కూడా కొత్తగా మొలిచిన పురుగుకు పాత సంగతులు గుర్తుంటాయా? 2013లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఈ ప్రయోగం చేశారు. ఒక రకం గరుకు నేలమీద ఆహారం దొరుకుతుందని ప్లనేరియాలకు అలవాటు చేసి, తలలు కోశారు. కొత్త తలలు వచ్చాక ఒక్కసారి గుర్తుచేస్తే చాలు, అవి శిక్షణ లేని పురుగులకన్నా త్వరగా ఆహారం దగ్గరకు చేరాయి.

డాక్టర్ కథకు ఇంతకన్నా దగ్గరగా ఉన్నది గొంగళి పురుగు. పాకే పురుగు ప్యూపాగా మారుతుంది. లోపల చాలా భాగం కరిగి, రెక్కలూ పొడుగు కాళ్ళూ ఉన్న కొత్త శరీరం తయారవుతుంది. గొంగళి నేర్చుకున్నది రెక్కల పురుగుకు గుర్తుంటుందా? 2008లో జార్జిటౌన్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు దీపపు పురుగుల జాతికి చెందిన ఒక కీటకంతో దీన్ని పరీక్షించారు. గొంగళి దశలో ఒక రకం వాసన చూపించినప్పుడల్లా చిన్న విద్యుత్ షాకు ఇచ్చారు. ప్యూపా దశకు కొంచెం ముందుగా ఆ పాఠం నేర్చుకున్నవి రెక్కలు వచ్చాక కూడా ఆ వాసనకు దూరంగా తొలిగాయి. మరీ చిన్న వయసులో నేర్చుకున్నవి మరచిపోయాయి. ప్యూపాలో మెదడు పూర్తిగా కరిగిపోదనీ, కొన్ని నాడీకణాలు అలాగే నిలుస్తాయనీ శాస్త్రజ్ఞులు దీన్ని వివరించారు. శరీరం మారినా జ్ఞాపకం దాటి వచ్చింది. 1966లో సరదాకు అల్లిన ఊహకు ఒక చిన్న కీటకం సాక్ష్యం చెప్పిందన్నమాట.

మిగిలిన బరువు ఎక్కడికి పోయింది?

అయితే కథలో చెప్పినదంతా సైన్సు అనుకోకండి. నాలుగో డాక్టరుగా 1974 నుంచి 1981 వరకు నటించిన టామ్ బేకర్ ఎత్తు సుమారు 190 సెంటీమీటర్లు. 1987లో వచ్చిన ఏడో డాక్టర్ సిల్వెస్టర్ మెకాయ్ పొట్టి మనిషి. అతనికి ముందు నటించిన కాలిన్ బేకర్ భారీ మనిషి. కాలిన్ బేకర్‌ను తొలగించారు. మార్పు సన్నివేశంలో నటించడానికి ఆయన రానన్నాడు. చేసేదిలేక మెకాయ్‌కే పాత డాక్టర్ దుస్తులు తొడిగి, విగ్గు పెట్టి, ముఖం సరిగా కనిపించకుండా నేలమీద పడుకోబెట్టారు. అలా మెకాయ్ తనలోంచి తానే పుట్టాడు!

పెద్ద శరీరం క్షణంలో చిన్నదయితే మిగిలిన ద్రవ్యం ఏమయింది? ద్రవ్యనిత్యత్వ నియమం మీకు తెలుసు. పోనీ, ఐన్‌స్టయిన్ చెప్పినట్టు శక్తిగా మారిందనుకుందాం. ఒక్క కిలో ద్రవ్యం పూర్తిగా శక్తి అయితే 9 పక్కన 16 సున్నలు పెట్టినన్ని జౌళ్ళు వెలువడతాయి. అది సుమారు 2 కోట్ల టన్నుల టి.ఎన్.టి. పేలుడుతో సమానం. పక్కన నిలబడిన సహచరులు కాదుగదా, లండను నగరమే మిగలదు.

ప్రకృతి ఇలాంటి గారడీ చేయదు. గొంగళి పురుగు ఆకులు తెగ తినేది ఇందుకే. ప్యూపాలో తిండి ఉండదు. దాచుకున్న సరుకుతోనే రెక్కలు కట్టాలి. బయటకు వచ్చే సీతాకోకచిలుక, లోపలికి వెళ్ళిన గొంగళికన్నా తేలికగానే ఉంటుంది.

పన్నెండుసార్లే ఎందుకు?

నటులు మారుతూ పోతే కథకు అంతం లేదు. అంతం లేకపోతే ప్రమాదం లేదు. ప్రమాదం లేని నాయకుణ్ణి చూడడంలో ఉత్కంఠ ఏముంది? అందుకు కాబోలు, 1976లో రచయితలు ఒక నియమం పెట్టారు. డాక్టర్ జాతివారు పన్నెండుసార్లు మాత్రమే రూపం మార్చుకోగలరు. తరువాత మరణమే.

విచిత్రమేమిటంటే మన కణాలకూ ఇలాంటి లెక్క ఉంది. 1961లో లెనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ అనే శాస్త్రజ్ఞులు మానవ కణాలను గాజుపాత్రలో పెంచి, అవి సుమారు 40 నుంచి 60 సార్లు విభజన చెంది ఆగిపోతాయని కనుగొన్నారు. క్రోమోజోముల కొసలలో టెలోమియర్లు అనే భాగాలు ఉన్నాయి. పలుపుతాడు కొస విడిపోకుండా ముడి వేస్తామే, ఆ ముడి వంటివి ఇవి. కణం విభజన చెందిన ప్రతిసారీ అవి కొంచెం తరుగుతాయి. బాగా తరిగాక విభజన ఆగిపోతుంది. టెలోమరేజ్ అనే ఎంజైము మాత్రం వీటిని మళ్ళీ పొడిగించగలదు. ఈ పరిశోధనలకు ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కారల్ గ్రీడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

2013 నాటికి డాక్టర్ లెక్క అయిపోయింది. ఆ క్రిస్మస్ కథలో అతని జాతివారు అతనికి కొత్త విడత ప్రసాదించారు. టెలోమరేజ్ లాంటి వరమన్నమాట! మన శరీరంలో ఈ వరాన్ని ఇష్టం వచ్చినట్టు వాడుకునేవి క్యాన్సరు కణాలు. వాటిలో చాలావరకు ఈ ఎంజైమును మేలుకొలిపి, ఆగకుండా విభజన చెందుతాయి. ఆగవలసిన చోట ఆగడం కూడా ఆరోగ్యమే.

సీరియల్ 1989లో ఆగి, 2005లో మళ్ళీ మొదలయింది. 2017లో జోడీ విటేకర్ డాక్టర్ పాత్రలోకి వచ్చిన మొదటి స్త్రీ. 2023లో రువాండాలో పుట్టిన న్చూటి గత్వా వచ్చాడు. మగవాడి పాత్ర ఆడమనిషి చేయడమేమిటని 2017లో కొందరు ఆశ్చర్యపోయారు. మగవారు సత్యభామలై మెప్పించే తూర్పు భాగవతం చూసి పెరిగిన మనకు అది వింత కాదు.

మీరూ మారుతున్నారు

ఇది చదువుతున్న మీ శరీరం కూడా కిందటేటిది కాదు. పేగుల లోపలి పొర కణాలు నాలుగైదు రోజులకు మారిపోతాయి. ఎర్ర రక్తకణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు. పెద్దవారి ఎముకలలో ఏడాదికి దాదాపు పదోవంతు కొత్తదవుతుంది. అంటే వెలుగులూ చప్పుళ్ళూ లేకుండా మీలో పునర్నిర్మాణం రోజూ సాగుతోంది.

మరి మారనిదేది? 1963లో చాలా దేశాలు గాలిలో అణుబాంబు పరీక్షలు మానడానికి ఒప్పుకున్నాయి. అంతకుముందు జరిగిన పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 పెరిగింది. తరువాత క్రమంగా తగ్గుతూ వచ్చింది. కణం పుట్టిన ఏడాది గాలిలో ఉన్న కార్బన్ గుర్తు దాని డి.ఎన్.ఎ.లో నిలుస్తుంది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోనస్ ఫ్రీసెన్ బృందం 2005లో ఈ గుర్తును బట్టి కణాల వయసు కట్టింది. మెదడు పైపొరలోని నాడీకణాల వయసు, మనిషి వయసు ఒకటేనని తేలింది. అమ్మ ముఖాన్ని మొదట గుర్తుపట్టినప్పుడు పనిచేసిన కణాలు ఈనాటికీ మీతో ఉన్నాయి.

అందుకే శరీరంలో మిగతావాటికన్నా మెదడును ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. రాలిన చర్మానికి బదులు కొత్త చర్మం వస్తుంది. పోయిన నాడీకణానికి బదులు రావడం దాదాపు ఉండదు. మోటారు సైకిలు మీద వెనుక కూర్చున్నా శిరస్త్రాణం పెట్టుకోమని పెద్దలు చెప్పేది ఇందుకే. డాక్టరుకు పడిపోతే ఇంకో తల ఉంది. మనకు లేదు.

చేసి చూడండి

ఊరిబయట జిల్లేడు ఆకులమీద నల్ల, పసుపు, తెలుపు చారల గొంగళి పురుగులు ఉంటాయి. ఒకదానిని ఆకుతో సహా గాజుసీసాలో పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టండి. రోజూ తాజా ఆకు వేయండి. జిల్లేడు పాలు కంటికి చాలా ప్రమాదం కనుక పెద్దవారి సాయం తీసుకుని, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి. పురుగు ఎన్నాళ్ళు తిన్నదో, ప్యూపా ఎన్నాళ్ళకు పగిలిందో తేదీలతో రాసుకోండి. రెక్కలు ఆరాక సీతాకోకచిలుకను వదిలేయండి.

ఆ తరువాత ఈ ప్రశ్నకు మీ నోటుపుస్తకంలో జవాబు రాయండి: పాకిన పురుగూ, ఎగిరిన సీతాకోకచిలుకా ఒకటేనా? ఒకటే అయితే, దేనిని చూసి ఒకటి అంటారు?